తోలుబొమ్మల సినిమాకి ఏ కోడెక్? ప్రాజెక్టు డైరీ

చేతిలో ఏముంది

2004, 2005 సంవత్సరాల్లో అనంతపురం జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట మీద తీసిన డాక్యుమెంటరీ ఇది. ఆ ఊరు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. సినిమా మాత్రం రఫ్ కట్ దగ్గరే ఉండిపోయింది. డబ్బులు అయిపోయాయి, అందరం తలో పనిలో పడ్డాం, మామూలే. ఇప్పుడు దాన్ని పూర్తి చేసి, మన తర్వాత కూడా ఎవరైనా తెరిచి చూసేలా దాచాలని కూర్చున్నాం. బొమ్మల గురించీ కళాకారుల గురించీ సినిమాలోనే ఉంది కాబట్టి ఇక్కడ రాయను. ఏ కోడెక్‌లో ఫినిష్ చేయాలి, ఏ కోడెక్‌లో దాచాలి అన్నదే ఈ డైరీ. కోడెక్ అంటే వీడియోని నొక్కి ఫైలుగా రాసే, మళ్లీ విప్పే పద్ధతి.

బీరువాలో నలభై పైచిలుకు మినీడీవీ క్యాసెట్లు ఉన్నాయి. కెమెరా సోనీ పీడీ 150, పాల్ (మన టీవీల పద్ధతి) మోడల్. చాలా మటుకు డీవీక్యామ్ మోడ్‌లో తీశాం, అంటే 60 నిమిషాల క్యాసెట్‌లో 40 నిమిషాలే పడుతుంది. టేపు మీద ట్రాకు 15 మైక్రాన్ల వెడల్పు ఉంటుంది, మామూలు డీవీలో అది 10 మైక్రాన్లే. ఆ రోజుల్లో క్యాసెట్లు త్వరగా అయిపోతున్నాయని విసుక్కున్నాం గానీ, ఇరవై ఏళ్ల తర్వాత ఆ వెడల్పే మా పాలిట దేవుడైంది. వీటితో పాటు ఒక వీహెచ్ఎస్ క్యాసెట్ కూడా ఉంది, తొంభైల్లో ఎవరో తీసిన రాత్రి ఆట.

టేపులోంచి ఫైలులోకి

సిటీలో ఒక ల్యాబ్‌ని అడిగితే టేపుకి ఇంత అని ఎంపీ4 చేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తామన్నారు. కెమెరా నుంచి ఎస్-వీడియో తీగ లాగి, బొమ్మని మళ్లీ కొత్తగా రికార్డు చేసి, హెచ్.264లోకి నొక్కడం వాళ్ల పద్ధతి. పెళ్లి వీడియోకి చాలు. మాకు అక్కర్లేదు. ఎందుకంటే డీవీ టేపు మీద ఉన్నది ముందే డిజిటల్. ఫైర్‌వైర్ తీగతో లాగితే టేపు మీది డేటా యథాతథంగా ఫైలులోకి దిగుతుంది. మధ్యలో ఎవరూ దాన్ని విప్పరు, మళ్లీ నొక్కరు. పాల్ డీవీలో ఒక్కో ఫ్రేము సరిగ్గా 1,44,000 బైట్లు. సెకనుకి 25 ఫ్రేములు, అంటే 3.6 ఎంబీ. గంటకి 13 జీబీ. మా టేపులన్నీ కలిపినా 500 జీబీ దాటవు.

చిక్కల్లా ఫైర్‌వైర్ ఉన్న కంప్యూటర్ దొరకడం. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ పోర్టు లేదు, 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ టహో నుంచి ఆపిల్ దాని సపోర్టే ఎత్తేసింది. ఒక పాత డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు గుచ్చి, లినక్స్ ఎక్కించాం. క్యాప్చర్‌కి డీవీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాం. టేపు చదవలేకపోయిన చోట డెక్ (టేపు ఆడించే యంత్రం) పాత ఫ్రేములోంచి ముక్క తెచ్చి అతికించేస్తుంది, మన కంటికి తెలీదు. అయితే ఏ బ్లాకు అసలుది, ఏది అతుకు అన్న గుర్తు డీవీ డేటాలోనే ఉంటుంది. డీవీరెస్క్యూ ఆ గుర్తుల్ని ఫ్రేము ఫ్రేముకీ చదివి లెక్క చెబుతుంది. ఎంపీ4 చేయించి ఉంటే ఈ సమాచారమంతా గాలికి పోయేది.

ఒక టేపు దగ్గర ఇది బాగా పనికొచ్చింది. బొమ్మల తోలు నానబెట్టి గీకే సీను. తెర మీద అడ్డపట్టీలు, ఒకటి బాగుంటే పక్కది చెదిరిపోయి గళ్లుగళ్లుగా ఉంది. పాల్ డీవీలో ఒక్కో ఫ్రేమునీ టేపు మీద 12 ట్రాకులుగా రాస్తారు, డ్రమ్ము మీది రెండు హెడ్లు ఒకదాని తర్వాత ఒకటి వాటిని చదువుతాయి. ఒక హెడ్‌కి మురికి పడితే పన్నెండింట్లో ఆరు పట్టీలు పోతాయి. అంటే టేపు బాగానే ఉంది, హెడ్‌కే జబ్బు. క్లీనింగ్ క్యాసెట్ కొద్దిసేపు తిప్పి మళ్లీ లాగితే చాలావరకు శుభ్రంగా వచ్చింది. అక్కడక్కడా మిగిలిన మచ్చల కోసం ఇంకోసారి లాగి, రెండు క్యాప్చర్లలో ఏ బ్లాకు బాగుంటే దాన్ని ఏరి ఒకే ఫైలుగా కలిపే సౌకర్యం వాడాం. ఆ సీను ఇప్పుడు నూటికి నూరుపాళ్లు టేపు మీద ఉన్నట్టే ఉంది.

రా ఫుటేజ్ సంగతి తేలిపోయింది

ఎడిటింగ్ చేసే తమ్ముడు ఫోన్ చేసి మొదట అన్నమాట: “అన్నా, క్యాప్చర్ అయినవన్నీ ప్రోరెస్‌లోకి కొట్టేద్దాం. డీవీ పాత చింతకాయ పచ్చడి, ఎవడూ ఆర్కైవ్‌కి వాడడు.”

ప్రోరెస్ అంటే ఎడిటింగ్‌లో బాగా వాడే ఆపిల్ కోడెక్. ఇంకో స్నేహితుడు డీవీ వద్దు, ప్రోరెస్ వద్దు, అన్నీ ఎఫ్‌ఎఫ్‌వీ1 అనే లాస్‌లెస్ (ఏమీ పారేయకుండా నొక్కే) కోడెక్‌లోకి మార్చమన్నాడు. సరే చూద్దామని ఒక టేపుని మార్చి చూశా. గంటకి 13 జీబీ లెక్కన ఉన్నది 20 దాటింది. ఒక్క పిక్సెల్ కూడా మెరుగుపడలేదు, పడదు కూడా. కెమెరా 2005లోనే ఐదింట నాలుగొంతులు పారేసి మిగిలింది టేపు మీద రాసింది. పారేసింది ఏ కోడెక్ తెచ్చివ్వలేదు. పైగా డీవీ ఫ్రేములో బొమ్మతో పాటు టైమ్‌కోడ్, షూట్ చేసిన తేదీ, గంట, నిమిషం, ఇందాక చెప్పిన అతుకుల గుర్తులు అన్నీ ఉంటాయి. ఎఫ్‌ఎఫ్‌వీ1లోకి మారిస్తే బొమ్మ వస్తుంది, ఇవి రావు. శివరాత్రి జాగారం ఆటలో లంకాదహనం ఏ జాములో ఆడారో మాకు ఆ గడియారం వల్లే తెలిసింది.

కాబట్టి రా ఫుటేజ్‌కి కోడెక్ ఎంచుకునే పనే లేదు. టేపు మీద డీవీ ఉంటే ఫైలులో డీవీయే. ఏవీఐ అనే తొడుగులో కూడా చుట్టకుండా, ముడి డీవీ స్ట్రీముగానే ఉంచాం. దీన్ని ఆడించే ప్లేయర్ దొరకని రోజు ఇప్పట్లో రాదు. దాదాపు అన్ని రకాల వీడియోనీ విప్పే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఉన్నన్నాళ్లూ డీవీ ఉంటుంది.

వీహెచ్ఎస్ వేరే జాతి. అది అనలాగ్, కాబట్టి ఇప్పుడే తొలిసారి డిజిటల్ అవుతోంది. వణికే సిగ్నల్‌ని సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ గుండా పంపి, 10 బిట్ 4:2:2లో (డీవీ కన్నా సన్నటి వెలుగు మెట్లు, ఎక్కువ రంగు వివరం) పట్టి, నేరుగా ఎఫ్‌ఎఫ్‌వీ1గా దాచాం. అనలాగ్ గింజల వల్ల ఫైలు లావైంది, అవనీ.

ఫినిషింగ్: అసలు పేచీ ఇక్కడ

సినిమాని డీవీ టైమ్‌లైన్‌లోనే కట్ చేసి డీవీలోనే బయటికి తీయొచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. కట్లు మాత్రమే ఉన్న సినిమా అయితే తీయొచ్చు. ముట్టుకోని ఫ్రేములు ఉన్నవి ఉన్నట్టు వెళ్లిపోతాయి. మాకు మాత్రం కలర్ కరెక్షన్ ఉంది, డిజాల్వులు ఉన్నాయి, టైటిల్స్ ఉన్నాయి. ముట్టుకున్న ప్రతి ఫ్రేమునీ డీవీ మళ్లీ ఐదింట నాలుగొంతులు నొక్కుతుంది.

మా సినిమాకి ఇది ఎందుకు పెద్ద విషయమంటే, తోలుబొమ్మ వెనక నుంచి వెలుగు పడే బొమ్మ. మేక తోలుని పల్చగా గీకి, ఎరుపు, ఆకుపచ్చ, నలుపు రంగులు వేసి, నగల కోసం సన్నటి చిల్లులు పొడుస్తారు. తెల్ల తెర వెనక బల్బు వెలిగితే ఎరుపు నిప్పులా మండుతుంది, చుట్టూ కారు చీకటి. పాల్ డీవీ 4:2:0, అంటే 720×576 బొమ్మలో రంగుకి దక్కేది 360×288 మాత్రమే. రావణుడి ఎర్రటి కిరీటం అంచు మెట్లుమెట్లుగా కనిపించేది అందుకే. ఒకసారి నొక్కినప్పుడే ఇలా ఉంటే మళ్లీ నొక్కితే? టెస్టు చేశాం. కిరీటం చుట్టూ నల్లటి చోట దోమలు ముసిరినట్టు చుక్కలు మొదలయ్యాయి, చిల్లులు అలుక్కుపోయాయి.

టైటిల్స్ దగ్గర ఇంకా ఘోరం. తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరంలా నిటారు గీతల మీద నిలబడదు. తలకట్టు, కింద వత్తు, పక్కన కొమ్ము అన్నీ సన్నటి వంపులే. “లక్ష్మణ మూర్ఛ” అన్న కార్డు పెట్టి చూడండి, క్ష్మ కింద వత్తులు ఒక్క లైను మందాన దిగుతాయి. ఇంటర్లేస్ బొమ్మలో, అంటే ఒక్కో ఫ్రేమునీ సరి, బేసి లైన్ల రెండు ఫీల్డులుగా చూపే బొమ్మలో, ఒక్క లైను మందం గీత ఒక్క ఫీల్డులోనే ఉంటుంది, రెండో ఫీల్డులో ఉండదు. సెకనుకి 50 ఫీల్డుల్లో అది 25 సార్లే కనిపించి వత్తులన్నీ వణుకుతాయి. దీనికి కోడెక్ మందు కాదు. బోల్డ్ ఫాంట్ తీసుకుని, ఏ గీతా రెండు మూడు లైన్లకు తగ్గకుండా చూసి, నిలువు దిశలో రవ్వంత బ్లర్ ఇచ్చాం. వణుకు పోయింది. ఆ తర్వాత కోడెక్ తేడా స్పష్టంగా తెలిసింది: అదే కార్డు డీవీలో రెండర్ చేస్తే అంచుల చుట్టూ మసక, 10 బిట్ 4:2:2లో చేస్తే శుభ్రం.

ఇక 10 బిట్ 4:2:2లో ఏది? ఎవిడ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అలవాటున్న మిత్రుడు డీఎన్ఎక్స్‌హెచ్‌డీ అన్నాడు. అది పేరుకి తగ్గట్టే హెచ్‌డీ సైజులకే పుట్టింది, 720×576ని ముట్టుకోదు. దాని తమ్ముడు డీఎన్ఎక్స్‌హెచ్ఆర్‌కి సైజు పట్టింపు లేదు గానీ మా చేతిలో ఎవిడ్ లేదు. ఐఎంఎక్స్ 50 టీవీ చానళ్ల పాత అలవాటు. 8 బిట్టే, పైగా 608 లైన్ల బొమ్మలో మన 576ని ఇరికించాలి. వద్దనుకున్నాం.

మిగిలింది ప్రోరెస్ 422 హెచ్‌క్యూ, లేదంటే అసలు నొక్కకుండా అన్‌కంప్రెస్డ్. 2007లో ఫైనల్ కట్‌తో వచ్చిన ప్రోరెస్‌ని ఇప్పుడు ప్రతి ఎడిటింగ్ సాఫ్ట్‌వేరూ చదువుతుంది. పాల్ ఎస్‌డీలో హెచ్‌క్యూ సెకనుకి 60 మెగాబిట్ల చుట్టూ తీసుకుంటుంది, గంటకి 27 జీబీ. అన్‌కంప్రెస్డ్ 10 బిట్ అయితే గంటకి దాదాపు 100 జీబీ. పదేళ్ల కిందట ఈ అంకెకి గుండె గుభేలుమనేది, ఇవాళ ఒక ఫోన్ ఫొటోల బ్యాకప్పే అంత ఉంటోంది. కంటికి మాత్రం ప్రోరెస్ హెచ్‌క్యూకీ దీనికీ తేడా దొరకలేదు, వెతికి వెతికి చూసినా.

తమ్ముడు ఎగిరి గంతేశాడు. “చెప్పా గదన్నా. ప్రోరెస్‌తో అయిపోయింది, ఇంక ఇంటికి పోదాం.”

“ఫెస్టివల్ వాళ్లు అడిగితే ప్రోరెస్సే ఇద్దాంరా. మన దగ్గర ఉండే మాస్టర్ మాత్రం నష్టం లేనిదై ఉండాల. రేపు ఎవడో దీన్నుంచి ఇంకో కాపీ తీస్తాడు, దాన్నుంచి ఇంకోడు. మొదటిదాంట్లోనే అరిగిపోతే ఎట్లా?”

ఒప్పుకున్నాడు, సణుగుతూనే. చివరికి ఎడిట్‌లోంచి అన్‌కంప్రెస్డ్ 10 బిట్ ఎంఓవీ ఫైలు తీయడం, దాన్నుంచి మిగతావన్నీ పుట్టించడం అనుకున్నాం.

బల్బు దగ్గరి తెలుపు

చిన్న విషయమే గానీ సగం మంది ఎడిట్ సూట్లలో ఇక్కడే బొమ్మ పోతుంది. వీడియో లెక్కలో ల్యూమా (వెలుగు కొలత) 16 నలుపు, 235 తెలుపు. కెమెరా ఈ గీత దగ్గర ఆగదు. మా తెర మీద బల్బు వెనక ఉన్న చోట పీడీ 150 కెమెరా 250కి దగ్గరగా కూడా రాసింది, ఆ పైన ఉన్న భాగంలో పంచె నేత, తెర ముడతలు ఇంకా కనిపిస్తున్నాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎఫెక్టు కోసం బొమ్మని 8 బిట్ ఆర్‌జీబీలోకి మార్చిందా, 235 పైనున్నదంతా ఒకే తెల్ల మచ్చ అయిపోతుంది. ఏ లాస్‌లెస్ కోడెక్ పెట్టినా అది పోయినదాన్నే జాగ్రత్తగా దాస్తుంది. వెలుగు స్థాయిలు చూపే వేవ్‌ఫామ్ గ్రాఫు తెరిచి, ఏ ఎఫెక్టు ఆ శిఖరాన్ని నరుకుతోందో ఒక్కొక్కటే చూసి, అలాంటివి తీసేశాం. పై వెలుగుని గ్రేడింగ్‌లో మెల్లగా 235 లోపలికి దించాక ముడతలు మాస్టర్‌లో నిలబడ్డాయి. 10 బిట్ ఎందుకు కావాలో కూడా ఇక్కడే అర్థమవుతుంది: బల్బు నుంచి చీకట్లోకి జారే వెలుగుని గ్రేడ్ చేసి 8 బిట్‌లో తీస్తే వలయాలు వలయాలుగా మెట్లు పడుతున్నాయి, 10లో పడటం లేదు.

దాచడానికి ఎఫ్‌ఎఫ్‌వీ1

అన్‌కంప్రెస్డ్ ఫైలునే దాచేస్తే ఏం పోయింది? చోటు ఒక్కటే కాదు. ఆ ఫైలుకి తనలో ఏం చెడిందో తెలీదు. డిస్కు మీద ఒక బిట్టు తిరగబడితే బొమ్మలో చిన్న చుక్క, అంతే, ఎవరూ చెప్పరు.

ఎఫ్‌ఎఫ్‌వీ1 ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రాజెక్టులో 2003లో పుట్టింది. లాస్‌లెస్, ఉచితం. మూడో వెర్షన్‌లో ప్రతి ఫ్రేమునీ స్లైసులుగా కోసి, ఒక్కో స్లైసుకీ సీఆర్‌సీ అనే తనిఖీ అంకె రాస్తారు. 2021లో దీని నిర్దేశం ఆర్‌ఎఫ్‌సీ 9043 అనే బహిరంగ సాంకేతిక పత్రంగా అచ్చయింది. అంటే రేపు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మాయమైనా ఆ కాగితం చూసి డీకోడర్ రాసుకోవచ్చు. దాన్ని చుట్టే తొడుగు ఎంకేవీకి, శబ్దానికి వాడే ఫ్లాక్‌కి కూడా 2024లో ఆర్‌ఎఫ్‌సీలు వచ్చేశాయి. మూడూ ఏ కంపెనీ చేతిలోనూ లేవు. పెద్ద ఆర్కైవ్‌లలో జేపెగ్ 2000 లాస్‌లెస్ కూడా నడుస్తోంది, మంచిదే. దానికి తగ్గ ఎంఎక్స్‌ఎఫ్ ఫైళ్ల సరంజామా ఇంట్లో నడపాలంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మా సెట్టింగ్: వెర్షన్ 3, ప్రతి ఫ్రేమూ స్వతంత్రం, ఫ్రేముకి 24 స్లైసులు, సీఆర్‌సీ ఆన్. గంటకి కాస్త తక్కువ ఉన్న సినిమా 40 జీబీ లోపు వచ్చింది. పగటిపూట ఊరి సీన్లు బాగా తగ్గాయి. రాత్రి ఆటలు మొండికేశాయి. చీకట్లో గెయిన్ పెంచి తీసినవి కదా, నల్లటి చోటంతా ఇసుక పోసినట్టు నాయిస్. లాస్‌లెస్ కోడెక్‌కి ఆ ఇసుక కూడా సరుకే, ఒక్క రేణువూ వదలదు.

సరిగ్గా మారిందా అని చూడటానికి ఫ్రేమ్‌ఎండీ5 తీశాం. రెండు ఫైళ్లనీ విప్పి, ప్రతి ఫ్రేముకీ ఒక చెక్‌సమ్ (తనిఖీ అంకె) రాస్తుంది. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి పోల్చితే మొదటి వరస నుంచి చివరి వరస దాకా తేడా లేదు.

తర్వాత కావాలనే ఒక కాపీని పాడుచేశాం. హెక్స్ ఎడిటర్‌లో ఫైలు మధ్యకు వెళ్లి ఒకే ఒక్క బైటు మార్చి, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో విప్పించాం. వెంటనే లాగ్‌లో స్లైసు సీఆర్‌సీ సరిపోలలేదని వచ్చింది. ఫ్రేమ్‌ఎండీ5 జాబితాలు పోల్చితే ఆ ఒక్క ఫ్రేము వరసే తేడా, ముందూ వెనకా చెక్కుచెదరలేదు. బొమ్మలో పోయింది 24 ముక్కల్లో ఒక్కటి, అదీ పాత ఫ్రేములోంచి తెచ్చి పూడ్చింది కాబట్టి కంటికి ఆనలేదు. మొత్తం ఫైలుకి తీసిన ఎండీ5 అయితే “మారింది” అని మాత్రం చెప్పి ఊరుకుంటుంది, ఎక్కడో చెప్పదు. తమ్ముడి సణుగుడు ఆగింది ఈ టెస్టుతోనే.

ఒక ఇబ్బంది ఉంది, చెప్పుకోవాలి. చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఎఫ్‌ఎఫ్‌వీ1ని నేరుగా తెరవవు. వీఎల్‌సీలో ఆడుతుంది, అంతే. వాడాలంటే ముందు ప్రోరెస్‌గానో అన్‌కంప్రెస్డ్‌గానో విప్పుకోవాలి. దాచేదాన్ని రోజూ ఎవరూ తెరవరు కాబట్టి మాకు అభ్యంతరం లేదు.

ఫీల్డులు, నిష్పత్తి, నెట్ కాపీ

డీవీలో కింది ఫీల్డు ముందు. హెచ్‌డీలో, చాలా పాల్ ఎస్‌డీ ఫార్మాట్లలో పై ఫీల్డు ముందు. ఈ ముద్ర తప్పుగా పడితే హనుమంతుడు ఎగిరే ప్రతిసారీ ముందుకీ వెనక్కీ జర్కులు ఇస్తాడు. మాస్టర్‌ని ఇంటర్లేస్‌గానే, కింది ఫీల్డు ముందుగానే ఉంచి, ఆ సంగతి ఎంకేవీ హెడర్‌లో రాయించాం. ఇంటర్లేస్ తీసేసిన దాన్ని మాస్టర్ అనొద్దు. రేపు ఇంకా మంచి డీఇంటర్లేసర్ వస్తే వాడుకోవడానికి ఫీల్డులు మిగిలుండాలి.

720×576 చతురస్రపు పిక్సెళ్లు కావు. అసలు 4:3 బొమ్మ మధ్యలోని 704 పిక్సెళ్లలోనే ఉన్నట్టు లెక్క, అటు 8 ఇటు 8 అంచు. నెట్ కాపీకి ఆ అంచులు కోసి, క్యూటీజీఎంసీ అనే డీఇంటర్లేసర్‌తో సెకనుకి 50 పూర్తి ఫ్రేములు చేసి, 1440×1080కి పెంచి, ఎస్‌డీకి వాడే బీటీ 601 రంగుల్ని హెచ్‌డీకి వాడే 709లోకి మార్చి, హెచ్.264లో తీశాం. 25 ఫ్రేములే చాలనే వాళ్లున్నారు. బొమ్మ గిర్రున తిరిగేటప్పుడు 50లో ఉన్న చురుకు 25లో రాదు, ఆట చూసినవాళ్లకి తెలుస్తుంది.

ఏఐతో 4కే చేద్దామన్న సలహా కూడా వచ్చింది. సరదాకి ఒక సీను పెట్టి చూశాం. సీత వడ్డాణం మీది చిల్లుల్ని నాయిస్ అనుకుని పూడ్చేసి, పైన నున్నగా ఏదో మెరుగు దిద్దింది. ఫోల్డర్ డిలీట్ చేశాం.

ఇప్పటికి ఎక్కడున్నాం

ముడి డీవీ ఫైళ్లు, వాటి ఎర్రర్ రిపోర్టులు, వీహెచ్ఎస్ ఎఫ్‌ఎఫ్‌వీ1, సినిమా మాస్టర్ ఎఫ్‌ఎఫ్‌వీ1, ప్రోరెస్ కాపీ, నెట్ కాపీ, సబ్‌టైటిళ్లు, ఏ ఫైలు ఏమిటో తెలుగులో రాసిన ఒక టెక్స్టు ఫైలు. అన్నీ బ్యాగిట్ పద్ధతిలో చెక్‌సమ్‌లతో కట్టాం. డేటా దాచే ఎల్‌టీఓ టేపు డ్రైవు ధర విని దండం పెట్టి వచ్చేశాం. వేర్వేరు కంపెనీల హార్డ్ డిస్కులు రెండు, ఒకటి ఇక్కడ, ఒకటి వేరే ఊళ్లో చెల్లెలి ఇంట్లో. మూడోది కళాకారుల కుటుంబానికి. వాళ్లకిచ్చే డిస్కులో నెట్ కాపీని మొదటి ఫోల్డర్‌లో పెట్టాం, టీవీకి గుచ్చితే ఆడేలా. ఏటా ఒకసారి చెక్‌సమ్‌లు సరిచూసే పని తమ్ముడి మీద పెట్టాం.

శబ్దం ఇంకా మిగిలే ఉంది. కొన్ని టేపుల్లో ఆడియో 48 కిలోహెర్ట్జ్ బదులు 32 కిలోహెర్ట్జ్ 12 బిట్‌లో రికార్డయింది, వాటిని మిక్స్‌లోకి ఎలా తేవాలో తేలాక మాస్టర్‌లో ఆ ట్రాకులు మార్చి, ఫ్లాక్ మళ్లీ కట్టి, చెక్‌సమ్‌లు కొత్తగా తీయాలి. బొమ్మని మాత్రం ఇక ముట్టుకోం.